మెయిన్ మీద ఎర్ర టేపు

నవంబర్ 3, సోమవారం

ఇంట్లో రెండు లైట్లూ నేనే బిగిస్తాను. రాసి పెట్టుకుంటే వెనక్కి తగ్గనని రాస్తున్నాను.

అట్టపెట్టెలు రెండూ బీరువా మీదే ఉన్నాయి. సెప్టెంబర్ నుంచి ఎవరూ ముట్టుకోలేదు. ఇవాళ దించి దుమ్ము తుడిచాను. గుండ్రటి లైట్లు, అన్నం పళ్లెం అంత ఉన్నాయి. మా సురేందర్ అన్న మిర్యాలగూడలో కొన్నాడు. ఊళ్లో అందరి పైకప్పులకూ లైట్లు బిగించే మనిషి ఇంట్లో మాత్రం ఇన్నేళ్లూ వైరుకు వేలాడే బల్బే. "నోట్సులు దిద్దుతుంటే కాగితం మీద నా నీడే పడుతోంది" అని నేనే గోల చేశాను. నేను గోల చేయకపోతే అన్న ఆ రోజు హాల్లో నిచ్చెన వేసేవాడు కాదు.

సెప్టెంబర్ 10న కరెంటు కొట్టి నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి అరచెయ్యి కాలింది, మణికట్టు విరిగింది. ఇప్పుడు కట్టు తీసేశారు. చెయ్యి బాగైంది, పనికి పోవచ్చు అని డాక్టర్ చెప్పాడు. రెండు వేళ్లకు ఇంకా స్పర్శ లేదు, అది పని చేస్తుంటేనే వస్తుందట.

అన్న పనికి పోవడం లేదు. చెయ్యి కారణం కాదు. ఎవరడిగినా ఒకటే మాట.

"మెయిన్ బంద్ చెయ్యకుండ ఎక్కిన. గంత సోయి లేనోడు ఇంకొకరి ఇంట్ల వైరెట్ల ముడ్తడు?"

ఈ మాట అన్నప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్తాను.

మధ్యాహ్నం మిర్యాలగూడ నుంచి నాగేశ్వర్ రావు సేటు ఫోన్. రైస్ మిల్లు ఆయన. ఆయన కొత్తింటి వైరింగ్ సగంలో ఉంది. స్పీకర్ పెట్టి ఉంటే విన్నాను. "సురేందర్, నీ చేతి పని మీద నమ్మకంతోటి ఆపిన. డిసెంబర్ ఒకటి దాంక చూస్త. తర్వాత వేరేటోళ్లను పెట్టుకుంట, ఏమనుకోకు."

"పెట్టుకోండ్రి సేటూ" అన్నాడు అన్న, ఎవరో దారి అడిగితే చెప్పినట్టు.

నా ఆలోచన ఏమిటంటే, రెండు లైట్లూ నేను వంకరగానో టింకరగానో బిగిస్తాను. అన్న చూస్తాడు. చూసి ఊరుకోలేడు, సరిచేస్తాడు. చెయ్యి ఒకసారి వైరు ముట్టుకుంటే చాలు, ఇక అదే పనిలోకి పోతుంది. ఇంకేమీ చెప్పాల్సిన అవసరం ఉండదు.

నవంబర్ 4

పదకొండు వీడియోలు చూశాను. అందరూ "చాలా ఈజీ" అంటున్నారు.

నవంబర్ 5, బుధవారం

పొద్దున నల్లా వచ్చింది. మాకు రోజు విడిచి రోజు ఆరున్నరకు వస్తుంది, అరగంట ఉంటుంది. మోటార్ వేస్తేనే నీళ్లు డ్రమ్ములోకి ఎక్కుతాయి. పక్కింటి భూలక్క అలవాటుగా గోడ అవతలి నుంచి అరిచింది, "నల్లా వచ్చిందే! నల్లా!" నా చేతిలో గ్లాసు జారి పడింది.

ఆ రోజే ఒకసారి రాసి పేజీ మడిచేశాను, ఇక్కడైనా మళ్లీ రాయాలి. ఇది ఎవరూ చదవని పుస్తకం. చదవాలన్నా మా ఇంట్లో ఎవరికీ రాదు.

సెప్టెంబర్ 10న కూడా భూలక్క ఇలాగే అరిచింది. పరుగెత్తి మోటార్ స్విచ్ వేశాను. తిరగలేదు. బోర్డు దగ్గరికి వచ్చి చూస్తే మెయిన్ కిందికి దించి ఉంది. దాని మీద ఎర్ర టేపు. పీకేశాను. పైకి తోశాను.

అన్న హాల్లో చాయ్ తాగుతున్నాడు అనుకున్నాను. అప్పుడే చాయ్ ఇచ్చి వచ్చాను కదా.

కాదు. ఏమీ అనుకోలేదు. నల్లా వస్తే ఎవరు అనుకుంటారు?

పడిన చప్పుడు వినగానే నేనే మెయిన్ దించాను. ఎవరూ చూడలేదు. అమ్మ పొద్దున్నే గరిడేపల్లికి కలుపుకు పోయింది. దవాఖాన నుంచి వచ్చాక అన్న మొదట చేసిన పని బోర్డు ముందు నిలబడి చూడటం. టేపు లేదు. కింద వెతికాడు. లేదు. "ఏసిన అనుకున్న. ఏస్తే ఉండాలె గద" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి సోయి లేని మనిషి అయిపోయాడు.

చెప్తాను. లైట్లు బిగించాక చెప్తాను.

నవంబర్ 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చి చీర మార్చుకోకుండానే మొదలుపెట్టాను. ముందు లోపలి గది లైటు. హాలు తర్వాత.

నిచ్చెన చప్పుడుకే అన్న చెప్పులేసుకున్నాడు. "ఎందుకే నీకిది? ఎవర్నన్న పిలిపిస్త."

"నేను చేస్త అన్నా. నువ్వు ఊరికే నిలబడి చెప్పు."

"నన్ను అడగకు" అని బయటికి పోయాడు.

మెయిన్ దించాను. ఎక్కాను. దిగి మెయిన్ చూసి వచ్చాను. ఎక్కాను. మళ్లీ దిగి చూసి వచ్చాను. నాలుగుసార్లు. అప్పుడు డ్రిల్ తీస్తే అది తిరగలేదు. మెయిన్ దించితే డ్రిల్ ఎలా తిరుగుతుంది? ఈ సంగతి ఏ వీడియోలోనూ చెప్పలేదు. భూలక్క ఇంటి నుంచి వైరు లాగాం.

"టీచరమ్మా, బడిల పిల్లల్ని పొడుసుడు సాలలేదా, ఇంటి పైకప్పును పొడుస్తున్నవ్?" అంది భూలక్క, కిటికీలోంచి వైరు అందిస్తూ.

స్లాబు గట్టిది. డ్రిల్ జారిపోయి రెండంగుళాల అవతల గుంట పడింది. సిమెంటు పొడి కళ్లల్లో. స్లాబులోని వైర్ల పెట్టెలో ఎర్రది, నల్లది, రెండు వైర్లు ఉంటాయనుకున్నాను. మూడు ఉన్నాయి. మూడోది కూడా ఎర్రదే. చేతులు పైకెత్తి ఎంతసేపు ఉన్నానో, దించితే నావి కానట్టున్నాయి. ఈ పనే రోజంతా చేసి, దాంతోనే అన్న నాకు బీఎడ్ దాకా చదువు చెప్పించాడు.

లైటు మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

నవంబర్ 10

చెప్పలేదు.

నవంబర్ 12

ఏడో తరగతికి ఇవాళ విద్యుత్ వలయం పాఠం. గొంతు నొప్పి అని చెప్పి ఆ పీరియడ్ తెలుగు మేడమ్‌కు ఇచ్చాను. రేపు కూడా నొప్పే ఉంటుంది.

నవంబర్ 16, ఆదివారం

చర్చి మానేసి కోదాడ వెళ్లాను. గట్టయ్య ఉస్తాద్ దగ్గరికి. నాన్న పోయినప్పుడు అన్నకు పదకొండేళ్లు, అప్పటిదాకా బడి మొహమే చూడలేదు. అప్పుడు పనికి చేర్చుకున్నది ఈయనే. ఆయన మాటంటే అన్న తల వంచుతాడు. ఒకసారి వచ్చి కసిరితే చాలనుకున్నాను.

గట్టయ్య తాత మోకాళ్లకు నూనె రాసుకుంటూ అరుగు మీద ఉన్నాడు.

"ఎవరూ, సురేందర్ చెల్లెలివా? టీచరమ్మవి! కూర్చో కూర్చో. నిచ్చెన సంగతి దేవుడెరుగు తల్లీ, నేను గడపే ఎక్కలేకపోతున్నా. సూర్యాపేట దాకా ఎక్కడ వచ్చేది?"

"ఫోన్‌లోనైనా చెప్పండి తాతా. మెయిన్ మర్చిపోయానని కుమిలిపోతున్నాడు."

"మూడుసార్లు చేశా. టేపు లేదు ఉస్తాద్ అంటాడు, పెట్టేస్తాడు." నూనె గిన్నె పక్కన పెట్టాడు. "వాడు మర్చిపోవడమేంటి? నా దగ్గరికొచ్చిన మొదటి నెలంతా వాడికి ఒక్కటే నేర్పా. మెయిన్ దించు, ఎర్ర టేపు ఎయ్యి, అప్పుడు నిచ్చెన ముట్టు. వెనకటికి ఫ్యూజు పీకి జేబులో ఏసుకుని ఎక్కేవాళ్లం, ఏ గోలా లేదు. ఇప్పుడు ఈ మీటలొచ్చాయి. ఎవరు పడితే వాళ్లు పైకి తోస్తారు. అందుకే టేపు. నల్లది కాదు, ఎర్రది. వాడు దాన్ని పళ్లతో కొరికి తెంపుతాడు. కత్తెర పెట్టుకోరా అంటే వినడు. ఆ ముందు పన్ను అట్లా విరగ్గొట్టుకున్నదే కదా!"

ఆయన నవ్వాడు. నేను కూడా నవ్వాలి కాబట్టి నవ్వాను.

"అయినా మనిషే కదా తాతా, ఒకనాడు మర్చిపోవచ్చు" అన్నాను.

నేనే అన్నాను. నా నోటితో. ఎవరూ అడగకుండానే.

ఆయన నూనె గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. "ఒకనాడు అన్నం తినడం మర్చిపోతాడు. టేపు మర్చిపోడు. టేపు లేదంటే ఎవరో పీకారు."

చాయ్ ఇచ్చారు. తాగి బస్సెక్కాను.

నవంబర్ 17

ఎవరో పీకారు.

నవంబర్ 20, గురువారం

అమ్మ పత్తి ఏరి వచ్చి, స్నానం చేసి, అన్న పక్కన కూర్చుంది. నేను కూర కలుపుతున్నాను.

"కొడుకా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. ఆ దినం మెయిన్ ఏసింది నేనేరా."

నేను పొయ్యి తగ్గించాను.

"నువ్వా?" అన్నాడు అన్న.

"ఔ బిడ్డా. నల్లా వచ్చిందని ఏసిన. మోటార్ తిరగకపాయె. భయానికి ఇన్నొద్దులు చెప్పలె."

"అమ్మా, ఆ దినం నువ్వు గరిడేపల్లికి కలుపుకు పోయినవ్. ఆటో ఎక్కిచ్చింది నేనే. సద్ది మర్సిపోతే ఉరికొచ్చి ఇచ్చింది గూడ నేనే."

"గట్లనా?" అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏమో బిడ్డా, యాదికి లేదు."

అన్న నవ్వాడు. రెండు నెలల్లో మొదటిసారి. "గిట్ల అబద్ధాలాడితే ఆయితారం చర్చికెట్ల పోతవ్ ఎస్తేరమ్మా? ఫాదర్ ముందల నిలబడితే కాళ్లు వణకవా?" నవ్వుతూనే లేచి పోయాడు. అన్నం తినలేదు.

అమ్మ వంటింట్లోకి వచ్చి చేతులు కడుక్కుంది. నావైపు చూడలేదు. "నా వంతు నేను చెప్పిన" అంది.

ఆ మాట ఎందుకు అన్నదో నాకు తెలియదు.

తెలియదు అని రాశాను. ఉంచుతాను.

నవంబర్ 23, ఆదివారం

లోపలి గది లైటు వెలిగింది!

మూడో వైరు పక్క గదికి పోయేదట, దాన్ని విడిగా చుట్టేసి రెండిటినే కలిపాను. రెండు స్క్రూలు బిగించాను. దిగి మెయిన్ వేసి, స్విచ్ వేశాను. గది అంతా తెల్లగా అయిపోయింది. అమ్మ "స్తోత్రం" అంది. ఇరవై నిమిషాలు వెలిగింది. ఆ తర్వాత ఒక పక్క స్క్రూ స్లాబు పొడితో సహా ఊడి వచ్చింది. లైటు ఒక వైరు మీద వేలాడుతూ ఊగుతోంది, వెలుగుతూనే. గోడలన్నీ ఊగుతున్నాయి.

అన్న గుమ్మంలోకి వచ్చాడు. నేను అనుకున్నట్టే వచ్చాడు. చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"మెయిన్ దించు" అన్నాడు. అంతే. నాలుగు అడుగుల దూరంలో నిచ్చెన ఉంది. ఎక్కలేదు.

నా ఆలోచన అక్కడితో అయిపోయింది. ఇక మిగిలింది ఒకటే. దించి వచ్చి చెప్పేశాను. నిలబడే చెప్పాను.

"అన్నా, ఆ రోజు నువ్వు మెయిన్ దించినవ్. టేపు కూడ ఏసినవ్. నల్లా వచ్చిందని నేనే పీకి పైకి తోసిన."

అన్న తల ఊపాడు, చిన్న పిల్లలు పద్యం అప్పచెప్తే పెద్దవాళ్లు ఊపినట్టు.

"మొన్న అమ్మ, ఇయ్యాల నువ్వు. రేపు భూలక్క వస్తదా?"

"నిజం అన్నా."

"అమ్మకు చెప్పరాలె. నువ్వు సదువుకున్నదానివి, జర మంచిగ చెప్పినవ్."

"అదే రోజు డైరీలో రాసుకున్న. చూపిస్త."

"నువ్వే రాసినవ్, నువ్వే సదువుతవ్. నాకేం ఎర్కైతది?" కోపంగా అనలేదు. "చెల్లె, మీరిద్దరు నా మంచికే అంటున్నరు, తెలుసు. కానీ సోయి లేనోన్ని సోయి ఉందని నమ్మియ్యకు. నమ్మి పనికి పోత. ఇంకో ఇంట్ల గిట్లనే మర్సిపోత. ఆడ ఎవలన్న సస్తే?"

ఏడ్చాను. అన్న నా తల మీద చెయ్యి పెట్టి ఓదార్చాడు. కాలిన చెయ్యి. నన్ను ఓదార్చాడు.

నవంబర్ 24, సోమవారం

నిజం చెప్పడం కష్టం అనుకున్నాను. చెప్పాక కూడా పని చేయకపోవచ్చని అనుకోలేదు.

ఒకటో తారీఖుకు ఇంకా వారం.

నవంబర్ 25, మంగళవారం

నల్లా రోజు. భూలక్క అరిచింది. మోటార్ వేసి, డ్రమ్ము నిండుతుంటే చూస్తూ నిలబడ్డాను. గట్టయ్య తాత మాట గుర్తుకొచ్చింది. పళ్లతో కొరికి తెంపుతాడు.

సెప్టెంబర్ 10 పేజీ తెరవడం నాకు ఇష్టం ఉండదు. ఆ రోజు దవాఖాన వరండాలో కూర్చున్నప్పుడు నా జాకెట్టు చేతికి ఎర్ర టేపు ముక్క అంటుకుని కనిపించింది. ఎప్పుడు అంటించుకున్నానో తెలియదు. పారేయడానికి చెయ్యి రాలేదు. ఇంటికి వచ్చి ఆ పేజీలో అంటించి, పేజీ మడిచాను. ఇన్నాళ్లూ అది నా తప్పు గుర్తు అనుకున్నాను. చూపించాలని తోచలేదు. టేపు ముక్కలన్నీ ఒకటే కదా అనుకున్నాను.

మడత విప్పాను. వేలెడంత ముక్క. కత్తిరించిన అంచు కాదు. రెండు కొసల్లోనూ, సరిగ్గా మధ్యలో, చిన్న నాలుకలా ఒక ముక్క బయటికి పొడుచుకొచ్చి ఉంది. విరిగిన పన్ను అందని చోటు.

పుస్తకం తీసుకెళ్లి అన్న ముందు తెరిచి పెట్టాను. ఏమీ చదవలేదు.

అన్న వంగి చూశాడు. పుస్తకం తీసుకుని గుమ్మంలో వెలుతురులోకి పోయాడు. వేలితో అంచు తడిమాడు, ఎడమ చేతి వేలితో. తర్వాత మంచం కింద నుంచి పని సంచి లాగాడు. ఆ సంచి సెప్టెంబర్ నుంచి విప్పలేదు. ఎర్ర టేపు చుట్ట తీసి, వేలెడంత సాగదీసి, కొరికి తెంపాడు. రెండు ముక్కలూ పక్కపక్కన పట్టుకున్నాడు.

చాలాసేపు పట్టుకున్నాడు. అక్షరం రాని మనిషి ఒక పేజీ మొత్తం చదివినంత సేపు.

"ఏడ దొరికింది?"

"నా జాకెట్టుకు అంటుకొని ఉండె."

"దవాఖానకు పోయిన్నాడే చూసినవా?"

"ఆ."

అన్న వేళ్ల మీద లెక్కపెట్టాడు. "రెండున్నర నెలలు" అన్నాడు.

పాత ముక్కను పేజీ నుంచి మెల్లగా ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. పుస్తకం నాకు ఇచ్చేశాడు. టేపు ఉన్నచోట కాగితం పొర లేచిపోయి, రాసిన అక్షరాలు సగం పోయాయి.

నవంబర్ 26

మాట్లాడలేదు.

నవంబర్ 27

మాట్లాడలేదు. నేను వడ్డిస్తే తినడం లేదు. అమ్మ వడ్డిస్తే తింటున్నాడు. నేను పళ్లెం పెట్టి పక్కకు జరుగుతున్నాను, అమ్మ వచ్చి అదే పళ్లెం అర అంగుళం జరిపి పెడుతోంది.

మెయిన్ మర్చిపోయినవాడిగా ఉన్నప్పుడు అన్న నన్ను ఓదార్చాడు. ఇప్పుడు అన్న తప్పు లేదు. నాకు అన్న లేడు.

నవంబర్ 28, శుక్రవారం

నాగేశ్వర్ రావు సేటు ఫోన్ చేశాడు. "రేపు చెప్త సేటూ" అన్నాడు అన్న. వద్దు అనలేదు. చెప్తానన్నాడు.

నవంబర్ 29, శనివారం

పొద్దున ఆరింటికి హాల్లో చప్పుడైతే లేచి వచ్చాను. అన్న నిచ్చెన వేస్తున్నాడు. రెండో లైటు పెట్టె విప్పి ఉంది. అమ్మ అప్పటికే పత్తికి పోయింది.

బోర్డు దగ్గరికి వెళ్లి మెయిన్ దించాడు. టేపు లాగాడు, కొరికాడు, అంటించాడు. బొటనవేలితో రెండుసార్లు రుద్దాడు. నాలుగు రోజుల తర్వాత నాతో మొదటి మాట.

"గీడ నిలబడు. నల్లా వచ్చినా, ఎవరొచ్చినా కదలొద్దు."

నిలబడ్డాను. మెయిన్ మీద చెయ్యి అడ్డం పెట్టాను.

ఎక్కాడు. మూడో మెట్టు మీద ఆగాడు. అక్కడ చాలాసేపు ఉన్నాడు. మళ్లీ ఎక్కాడు. టెస్టర్ పెట్టి చూశాడు, వెలగలేదు. తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ పెట్టాడు. నేను ఆ ఆదివారం నాలుగుసార్లు దిగి చూసినట్టే.

స్క్రూ జారి కింద పడింది. తీసి ఇద్దామని ఒక అడుగు వేశాను.

"కదలొద్దని చెప్పిన్నా లేదా?"

తనే దిగాడు. వెతికి తీసుకుని తనే ఎక్కాడు. స్క్రూ రెండోసారి పడింది. మళ్లీ దిగాడు. మూడోసారి పడింది. నా కాలి దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. వంగితే అందుతుంది. నేను వంగలేదు. అన్న వచ్చి నా పాదం పక్క నుంచి తీసుకుని పోయాడు.

"నల్లా వచ్చిందే! నల్లా!"

గోడ అవతల బిందెల చప్పుడు. వీధిలో ఒక్కొక్క మోటారే మొదలవుతున్నాయి. మా పైపులో నీళ్లు సన్నగా గురగురమంటున్నాయి. నా అరచేతి కింద టేపు మెత్తగా తగులుతోంది.

"టీచరమ్మా! మోటార్ ఏస్తలేవేంది? పోతదే నీళ్లు! ఏమే, ఉన్నవా?"

జవాబు చెప్పడానికి కూడా భయం వేసింది. నోరు కదిపితే చెయ్యి కదులుతుందేమోనని. అన్న పైనుంచి కిందికి చూశాడు. నా మొహం కాదు, నా చెయ్యి చూశాడు. మళ్లీ పనిలో పడ్డాడు.

నల్లా ఆగిపోయింది. అన్న ఇంకా దిగలేదు.

ఏడుంపావుకు దిగి "ఇగ వెయ్యి" అన్నాడు. నా చెయ్యి లేవలేదు. నిజంగానే లేవలేదు. అక్కడే అతుక్కుపోయినట్టు ఉంది. అన్న రెండోసారి అనలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసి, తనే టేపు పీకి, మెయిన్ పైకి తోశాడు. హాల్లో లైటు వెలిగింది. తిన్నగా, మధ్యలో. లోపలి గదికి పోయి, వేలాడుతున్న నా లైటు కూడా విప్పి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

స్కూలుకు స్నానం చేయకుండా వెళ్లాను. భూలక్క రెండు బిందెలు ఇచ్చింది, "ఏమైందే నీకు ఇయ్యాల?" అంటూ. వాటితోనే సోమవారం దాకా సర్దుకోవాలి.

సాయంత్రం అమ్మ వచ్చి గుమ్మంలోనే ఆగి, పైకి చూసి, చెప్పులు విడవడం మర్చిపోయింది. అన్న ఆమెకు చెప్పాడు, ఎల్లుండి మిర్యాలగూడ పోతున్నానని, సేటుకు ఫోన్ చేశానని, సద్ది కట్టాలని.

నేను పక్కనే, కొత్త లైటు కింద ఉన్నాను. నోట్సులు దిద్దుతున్నాను.